తాళం వేసిన ఇల్లు: ఒక నూరు మాటల కథ తయారైన తీరు (కేస్ స్టడీ)

ఈ కేస్ స్టడీ ఒకే ఒక్క కథ గురించినది. కథకు విధించిన హద్దు నూరు మాటలు. రాయడానికి ఇచ్చిన ప్రాంప్ట్ (కథ పుట్టించడానికి ఇచ్చే మాట) "తాళం వేసిన ఇల్లు". రాసిన యువకుడు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసి, చేతి మిషన్‌తో అక్కడికక్కడే బిల్లు కొట్టి ఇచ్చే పనిలో ఉన్నాడు. చిన్నకథలు రాయడం నేర్చుకోవాలనుకునేవారితో నేను నెలకొకసారి నడిపే కార్యశాలకు అతను వస్తుంటాడు. అతని అనుమతితోనే చిత్తుప్రతులను ఇక్కడ ఉదహరిస్తున్నాను. అతని కోరిక మేరకు పేరు చెప్పడం లేదు.

కార్యశాలలో తయారైన కథల్లో దీనినే ఎంచుకోవడానికి కారణం ఉంది. మరీ చిన్న కథల విషయంలో నేను గట్టిగా నమ్మే ఒక సంగతి ఈ కథ చిత్తుప్రతుల్లో దశలవారీగా కనిపిస్తుంది. ఇచ్చిన ప్రాంప్టును కథావస్తువుగా తీసుకున్నంతకాలం, ఎంత చక్కని వాక్యాలు రాసినా అది ఎవరైనా రాయగల కథగానే మిగిలిపోతుంది. అదే ప్రాంప్టును కథలోని ఒక మనిషి చేయవలసిన పనిగా మార్చుకుంటే, ఆ మనిషికి మాత్రమే తెలిసిన వివరాలు వాటంతట అవే కథలోకి వస్తాయి. నూరు మాటల్లో కథను నిలబెట్టేవి ఆ వివరాలే.

నిజానికి ప్రాంప్ట్ అనే పేరు కొత్తదే కాని పద్ధతి మనకు కొత్తది కాదు. అవధానంలో సమస్య (పద్యంలో ఇమడ్చవలసిన చిక్కు పాదం) ఇస్తారు, దత్తపది (పద్యంలో తప్పక వాడవలసిన మాటలు) ఇస్తారు, నిషిద్ధాక్షరిలో అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తూ పోతారు. చందమామ చదివి పెరిగినవారికి ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలకూ ఒకదానితో ఒకటి పొంతన కుదిరేలా వ్యాఖ్యలు రాసి పంపాలి. బొమ్మ ఇచ్చి కథ రాయమన్న పత్రికలూ ఉన్నాయి. నిడివి సంగతికి వస్తే కొడవటిగంటి కుటుంబరావుగారి గల్పికలు మొదలుకొని కార్డు కథ, మినీ కథ, పేజీ కథ వరకు రకరకాల పేర్లతో చిన్న రూపాలు మన పత్రికల్లో చాలాకాలంగా ఉన్నవే.

వీటన్నిటిలో కథకుడికి బాగా పనికివచ్చేది సమస్యాపూరణమని నా అభిప్రాయం. "కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" అన్న సమస్యకు తెనాలి రామకృష్ణుడి పేరిట చెప్పుకునే పూరణను పరిశీలించండి. ఏనుగుల గుంపు దోమ గొంతులో ఎలా దూరిందన్న వివరణ ఆ పద్యంలో ఎక్కడా లేదు. పాండవులంతటివారు విరాటుని కొలువులో సేవకులుగా బతకవలసి వచ్చిందే అని సంజయుణ్ణి సంబోధిస్తూ వాపోతున్న మనిషి నోట ఆ పాదం పలుకుతుంది. అసాధ్యమైన వాక్యాన్ని ఎవరు, ఏ స్థితిలో, ఎవరితో అంటే అది సహజమవుతుందో వెతకడమే ఆ పూరణలోని కిటుకు. కథకు ప్రాంప్ట్ ఇచ్చినప్పుడు కూడా వెతకవలసినది ఇదే: ఈ వస్తువుతో ఎవరికి, ఎప్పుడు, ఏం పని పడుతుంది?

మొదటి చిత్తుప్రతి

మా పద్ధతిలో మొదటి ప్రతి అక్కడే కూర్చుని, ఎవరితోనూ చర్చించకుండా రాయాలి. ఆ రోజు "తాళం వేసిన ఇల్లు" మీద వచ్చిన కథలను వరుసగా చదివించినప్పుడు దాదాపు అన్నీ మూడు నాలుగు దారుల్లోనే నడిచాయి. పిల్లలు అమెరికాలో స్థిరపడితే పెద్దవాళ్ళు పోయి మూతబడ్డ ఇల్లు, అన్నదమ్ముల ఆస్తి తగాదాలో పడావుపడ్డ ఇల్లు, రాత్రిపూట లోపల అలికిడి వినిపించే ఇల్లు. రాసినవాళ్ళలో గృహిణులున్నారు, విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. ఇంత వేరువేరు జీవితాలున్నవాళ్ళు ఒకే కథ రాయడాన్ని నేను ప్రతిభాలోపంగా చూడను. ఆ మూడు మాటలు వినగానే మనసులో మొదట మెదిలేది సొంత అనుభవం కాదు, అప్పటిదాకా చదివిన కథలూ చూసిన సినిమాలూ వదిలి వెళ్ళిన చిత్రం. ఆ చిత్రం అందరికీ ఉమ్మడి ఆస్తి.

మన యువకుడి మొదటి ప్రతి కూడా ఆ కోవలోనిదే. ఎత్తుగడ ఇలా ఉంది:

"ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంటికి ఎప్పుడూ తాళం వేసి ఉండేది. ఒకప్పుడు ఆ ఇంట్లో పిల్లల కేరింతలు, పండుగ సందళ్ళు. నేడు ఆ గుమ్మం ఎవరి అడుగుల చప్పుడు కోసమో దీనంగా ఎదురుచూస్తోంది."

వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, పలుకుబడిలో తప్పు పట్టవలసింది లేదు. కాని ఇందులో మనిషి లేడు. ఎదురుచూస్తున్నది గుమ్మం, చూస్తున్నవారు ఎవరో తెలియదు. నూరు మాటల కథలో ముప్పై దాకా మాటలు ఖర్చు పెట్టిన తరువాత కూడా ఏ పనీ జరగలేదు. "దీనంగా" అన్న మాటైతే పాఠకుడు పడవలసిన బాధను అతనికంటే ముందే రచయిత పడేసినట్టు ఉంది.

అతణ్ణి నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: "తాళం వేసిన ఇంటి దగ్గర నీకేం పని?"

ఆ ప్రశ్నకు అతను చెప్పిన జవాబు అతని మొదటి కథకంటే ఎన్నో రెట్లు ఆసక్తికరంగా ఉంది. మీటరు ఇంటి లోపల ఉంటే చేసేదేమీ లేదు, డోర్ లాక్ అని నమోదు చేసి పక్కింటికి వెళ్ళిపోవడమే. వరండాలోనో ప్రహరీ గోడకో ఉంటే మాత్రం, ఇల్లు తాళం వేసి ఉన్నా రీడింగు తీసి, బిల్లు తలుపు కిందనుంచి లోపలికి నెట్టి రావాలి. మనుషులు లేని ఇంట్లో కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ ఆపకుండా వెళ్ళారా, పండక్కి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళారా అన్నది అంకె చూస్తే తెలిసిపోతుందని చెప్పాడు. ఒక ఇంట్లో నెలనెలా క్రమం తప్పకుండా పదో పదకొండో యూనిట్లు తిరిగేవట. అంత ఖచ్చితంగా అదే అంకె రావడానికి కారణమేమిటని అడిగితే, జీరో బల్బు అన్నాడు. లోపల దేవుడి దగ్గరో, పోయినవారి ఫోటో దగ్గరో రాత్రింబవళ్ళు వెలిగేలా వదిలేసి వెళ్ళి ఉంటారని అతని ఊహ.

అతని లెక్క సరైనదే. పేరుకు జీరో బల్బే అయినా, పాతకాలం ఫిలమెంట్ రకం సుమారు 15 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 24 గంటలు, 30 రోజులు అంటే 720 గంటలు. వాట్లతో గుణిస్తే 10,800 వాట్-అవర్లు, అంటే 10.8 యూనిట్లు. ఎల్ఈడీ రకమైతే నెలంతా వెలిగినా ఒక యూనిట్ పూర్తికావడం కష్టం. ఈ చిన్న లెక్క గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం, అది వినగానే గదిలో ఉన్నవారందరికీ తాళం వేసిన ఇల్లు వేరే విధంగా కనిపించడం మొదలుపెట్టింది. లోపలికి ఎవరూ వెళ్ళకుండానే, లోపల దీపం వెలుగుతోందో లేదో తెలిసిన మనిషి ఒకడున్నాడు. అతనికి ఆ ఇంటితో బంధుత్వం లేదు, జ్ఞాపకాలు లేవు. ఉన్నది పని మాత్రమే.

"ఒక నెల ఆ అంకె కదలకపోతే?" అని పక్కనున్న ఒక ఉపాధ్యాయురాలు అడిగింది. కథ అక్కడ దొరికింది.

రెండో చిత్తుప్రతి

తరువాతి నెల అతను తెచ్చిన ప్రతిలో ప్రాణమున్న సన్నివేశం ఉంది. ఒంటరిగా ఉన్న ముసలావిడను కూతురు తనతో తీసుకుపోయింది. వెళ్తూ ఆవిడ భర్త ఫోటో ముందు బల్బు వెలిగించి ఉంచింది. అది వెలుగుతోందా లేదా అని పక్కింటావిడకు ఫోన్ చేసి అడుగుతూ ఉంటుంది. పక్కింటావిడ మీటరు అబ్బాయిని అడుగుతుంది. ఒక నెల మీటరు కదలదు. అబ్బాయి అబద్ధం చెబుతాడు. కథ మొత్తం "నేను" అంటూ సాగుతుంది. ముగింపు ఇది:

"ఆ రోజు మీటరు కదల్లేదు. బల్బు మాడిపోయిందని నాకు అర్థమైంది. కాని ఆ ముసలి ప్రాణానికి ఆ మాట ఎలా చెప్పను? వెలుగుతోందమ్మా అన్నాను. కొన్ని అబద్ధాలు నిజాల కన్నా గొప్పవి."

దీనిమీద చర్చ చాలాసేపు సాగింది. చివరి వాక్యం తీసేయాలని అందరూ ఒప్పుకున్నారు, రాసినతనితో సహా. కథ చెప్పిన సంగతినే సూక్తిగా మళ్ళీ చెప్పే వాక్యం నూరు మాటల్లో ఎంతో చోటు తింటుంది. పైగా పాఠకుడు తనంతట తాను తీర్పు చెప్పుకునే అవకాశాన్ని లాగేసుకుంటుంది. అబద్ధం గొప్పదా, ఆ ఆవిడకు నిజం తెలియాల్సిన హక్కు ఉందా అన్న ప్రశ్న తెరిచి ఉంచితేనే ఈ కథకు బలం.

అభిప్రాయాలు చీలింది కొసమెరుపు దగ్గర. ఆ ప్రతిలో మీటరు కదలలేదన్న సంగతి చివరిదాకా దాచి ఉంది. ముందు వాక్యాల్లో అబ్బాయి రీడింగు చూస్తాడు కాని అంకె ఎంతో పాఠకుడికి చెప్పడు. చిన్నకథకు ఆ దాపరికమే అందమని కొందరు వాదించారు. మన పాఠకులకు కొసమెరుపు మీద ఉన్న ఇష్టం నాకు తెలుసు. చివరి వాక్యంలో కథ తిరగబడితే కలిగే ఆనందాన్ని నేను తక్కువ చేయను. అయినా ఇక్కడ నా వైఖరి స్పష్టం. పాత్రకు తెలిసిన సంగతిని పాఠకుడికి తెలియకుండా దాచి చివర్లో బయటపెడితే, పాఠకుడు ఆశ్చర్యపోయేది రచయిత నేర్పుకు. ఆ సంగతిని ముందే ఇద్దరికీ తెలియజేసి, ఆ తరువాత పాత్ర ఏం చేస్తాడో చూడనిస్తే, పాఠకుడి ఆసక్తి ఆ మనిషి మీద నిలుస్తుంది. మీటరు కదలలేదని తెలిశాక ఫోన్ చేతికి వచ్చేదాకా ఉన్న ఆ కొద్ది వాక్యాల్లో పాఠకుడు కూడా అబ్బాయి పక్కనే నిలబడి, ఏం చెప్పాలా అని ఆలోచిస్తాడు. అంకెను చివరిదాకా దాస్తే ఆ సమయం అతనికి దక్కదు.

"నేను" ను "అతను" గా మార్చాలన్న సూచన నాది. ఉత్తమ పురుషలో ఉన్నంతసేపు అబ్బాయి ముసలావిడతో అబద్ధమాడుతూనే మనతో నిజం చెప్పుకుంటున్నాడు, అంటే తన మంచితనాన్ని మన ముందు తానే చెప్పుకుంటున్నాడు. ప్రథమ పురుషకు మారగానే ఆ ఒప్పుకోలు ఆగిపోయింది. అతని చేతులు చేసేదీ, నోరు పలికేదీ మాత్రమే మిగిలాయి. "నాకు అర్థమైంది", "ఎలా చెప్పను" వంటి లోపలి మాటలు వాటంతట అవే ఎగిరిపోయి మాటల లెక్క కూడా తగ్గింది.

మాటల లెక్క

నూరు మాటల హద్దు ఇంగ్లీషు నుంచి వచ్చినది. సరిగ్గా నూరు మాటల కథను వాళ్ళు డ్రాబుల్ అంటారు. తెలుగులో ఆ హద్దు అంత ఇరుకు కాదన్నది రాసి చూసినవారికి తెలుసు. విభక్తి ప్రత్యయాలు మాటకు అంటుకుంటాయి, అసమాపక క్రియలు ఒక పూర్తి వాక్యం పని చేస్తాయి, సంధి చేస్తే రెండు మాటలు ఒకటవుతాయి. ఈ వెసులుబాటును దుర్వినియోగం చేసి మాటలన్నీ కలిపి రాసి లెక్క తగ్గించుకోవడం మా కార్యశాలలో నిషిద్ధం. చదివేటప్పుడు నాలుక సహజంగా ఎక్కడ ఆగుతుందో అక్కడ మాట తెగినట్టు లెక్క.

చిన్నకథలో అంతకంటే ఎక్కువ కలిసి వచ్చేవి మన పిలుపులు. మూడో ప్రతిలో "ఒంటరిగా ఉన్న ముసలావిడ", "చనిపోయిన భర్త" అన్న వివరణలు రెండూ పోయి, "మామ్మగారు", "తాతగారి ఫోటో" వచ్చాయి. మామ్మగారు అనగానే వయసు తెలిసింది, మర్యాద తెలిసింది, పరాయివాడైనా చాలాకాలంగా ఎరిగినవాడని తెలిసింది. ఫోటో ముందు దీపం ఉందంటే ఆ తాతగారు లేరని వేరే చెప్పనక్కరలేదు. పక్కింటావిడ అబ్బాయిని "బాబూ" అంటుంది, "నువ్వే చెప్పు" అంటుంది. మామ్మగారి గురించి మాత్రం "లైన్లోనే ఉన్నారు" అంటుంది. ఆ ముగ్గురి మధ్య ఎవరు ఎవరికి ఎంత దూరమో క్రియల చివరి అక్షరాలే తేల్చేశాయి. ఒక దశలో రచయిత పక్కింటావిడను "పిన్నిగారూ" అనిపించాలని చూశాడు. పనిమీద వెళ్ళినప్పుడు నువ్వు అలా పిలుస్తావా అని అడిగితే, పిలవనని ఒప్పుకున్నాడు. అందుకని ఆవిడకు పిలుపే లేకుండా వదిలేశాడు.

చివరి ప్రతి పూర్తిగా ఇది:

పదో పదకొండో

"తిరుగుతోందా బాబూ?" పిట్టగోడ అవతలనుంచి పక్కింటావిడ అడిగింది.

మామ్మగారిని కూతురు తీసుకెళ్ళిననాటి నుంచీ ఆ ఇంటికి తాళమే. లోపల తాతగారి ఫోటో ముందు జీరో బల్బొకటి వదిలేసి వెళ్ళారు. నెలకి పదో పదకొండో యూనిట్లు. తలుపు తెరవకుండా ఆ దీపం సంగతి తెలిసేది అతనొక్కడికే.

మీటరు అద్దం మీద దుమ్ము తుడిచాడు. 4218. మిషన్లో పోయిన నెల అంకె చూశాడు. 4218. మళ్ళీ తుడిచి చూశాడు.

కాగితం బయటికొచ్చింది. చించి, మడిచి, తాళం వేసిన తలుపు కిందనుంచి లోపలికి తోశాడు.

పక్కింటావిడ గోడ మీదుగా ఫోన్ చాపింది. "లైన్లోనే ఉన్నారు. నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు."

చెయ్యి చొక్కాకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"బాబూ, ఆయన దగ్గర..."

"పదకొండు మామ్మగారూ," అన్నాడు. "పోయిన నెలకంటే ఒకటి ఎక్కువే."

శీర్షిక కాక 84 మాటలు. మిగిలిన పదహారు మాటలను ఎలాగైనా వాడుకోవాలని రచయితకు అనిపించలేదు. నాకు అతనిలో నచ్చిన గుణం అది.

కథలోని కొన్ని నిర్ణయాలను దగ్గరగా చూడాలి. శీర్షిక మొదట "తాళం వేసిన ఇల్లు" అనే ఉండేది. ప్రాంప్టునే శీర్షికగా పెట్టడం కొత్తవారిలో చాలా ఎక్కువగా కనిపించే అలవాటు. మరీ చిన్న కథలో శీర్షిక హద్దులోకి రాని అదనపు వాక్యం లాంటిది కనుక, దానిచేత ప్రాంప్టునే మళ్ళీ చెప్పించడం వృథా. "పదో పదకొండో" అంటే ఏమిటో పాఠకుడికి మొదట అర్థం కాదు. కథ మధ్యలో అది ఒక దీపపు లెక్కగా తెలుస్తుంది. చివర్లో "పదకొండు" అన్న మాట వినేసరికి అది అబద్ధమని అతనికి ముందే తెలిసి ఉంటుంది.

అంకెలు రాసిన తీరు గమనించండి. మీటరు మీద కనిపించేదాన్ని 4218 అని అంకెల్లోనే రాశాడు, నోటితో పలికేదాన్ని అక్షరాల్లో రాశాడు. కళ్ళతో చూసిన నిజం ఒక రూపంలో ఉంది, నోటితో చెప్పిన మాట మరో రూపంలో ఉంది. ఈ తేడా చదివేవారికి స్పృహలోకి రాకపోవచ్చు, కాని పని చేస్తుంది. అంకె రెండుసార్లు వచ్చినా "మీటరు కదల్లేదు" అన్న వాక్యం ఎక్కడా లేదు. రెండంకెలూ ఒకటేనని పాఠకుడు తానే పోల్చి చూసుకోవాలి. "మళ్ళీ తుడిచి చూశాడు" అన్న మూడు మాటలు రెండో ప్రతిలోని అంతర్మథనమంతటినీ భర్తీ చేశాయి. నమ్మలేకపోవడం, నమ్మడానికి ఇష్టపడకపోవడం రెండూ ఆ తుడవడంలో ఉన్నాయి. పైగా అది అతను ప్రతి ఇంటి దగ్గరా చేసే పనే.

మామ్మగారి చేత "ఆయన దగ్గర" అనిపించడం చివరి క్షణంలో వచ్చిన మార్పు. అంతకుముందు "దీపం వెలుగుతోందా?" అని ఆవిడ సూటిగా అడిగేది. పెద్దావిడ భర్త ఫోటో గురించి మాట్లాడుతూ ఫోటో అనదు, ఆయన అంటుంది. ఆ మాట పూర్తికాకముందే అబ్బాయి అందుకున్నాడు. అతని తొందర కూడా కథలో భాగమే. ఆవిడ ప్రశ్న పూర్తిగా వింటే అంత సులభంగా చెప్పగలిగేవాడు కాదేమో.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే గొప్ప వాక్యం చివరిది. "పదకొండు" దగ్గర ఆగిపోయినా కథ పూర్తయ్యేదే. కాని "పోయిన నెలకంటే ఒకటి ఎక్కువే" అనడంతో, అబద్ధం చెప్పక తప్పనివాడు కాస్తా దానిని నమ్మించడానికి పూనుకున్నవాడయ్యాడు. పని నేర్పిన భాషలోనే, పని మీద ఉన్న నమ్మకాన్ని వాడుకునే అబద్ధమాడాడు. ఈ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, వినియోగదారులు ఎప్పుడూ "ఈ నెల ఎంత ఎక్కువొచ్చింది?" అనే అడుగుతారని, ఆ అలవాటు మీద నోటికి వచ్చేసిందని అన్నాడు. ఊహించి కల్పించాలనుకుంటే ఈ వాక్యం నాకు తట్టేది కాదు.

శ్రోతల అభ్యంతరాలు

పూర్తయిన కథను ప్రాంప్ట్ చెప్పకుండా వేరే బృందానికి చదివి వినిపించడం మా పద్ధతి. కథ బాగుందా అని అడగము, "ఏం జరిగింది?" అని మాత్రమే అడుగుతాము. దాదాపు అందరూ జరిగినది సరిగ్గానే చెప్పారు. ఫిలమెంట్ బల్బు లెక్క తెలియనివారికి కూడా కథ అందింది, ఎందుకంటే ఎన్ని యూనిట్లు అన్నది కాక, అంకె మారాలన్నదే వాళ్ళకు కావలసింది.

ఒకరు మాత్రం గట్టి ప్రశ్న వేశారు. బిల్లు మీద నిజమైన అంకె ఉంటుంది కదా, అబద్ధం నిలబడేదెలా? వాళ్ళు విన్న ప్రతిలో, అంటే చివరి ప్రతికి ముందుదానిలో, బిల్లు ప్రస్తావన లేదు; ఈ ప్రశ్న తరువాతే "కాగితం బయటికొచ్చింది" అన్న పేరా చేరింది. చిన్నకథలో వచ్చే ఇలాంటి అభ్యంతరాలకు సమాధానంగా వివరణ చేర్చితే కథ బరువెక్కుతుంది. రచయిత చేర్చింది వివరణ కాదు, మరో చేతిపని. నిజమున్న కాగితాన్ని అతను చింపలేదు, జేబులో దాచలేదు, ఉద్యోగధర్మం ప్రకారం చేర్చవలసిన చోటికే చేర్చాడు. ఆ తలుపుకు తాళం ఉంది కాబట్టి దాన్ని చదివేవారు లేరు. "తాళం వేసిన" అన్న ప్రాంప్ట్ మాటలు కథ మొత్తంలో యథాతథంగా కనిపించేది ఈ ఒక్క చోటే, అదీ నిజాన్ని లోపల మూసి ఉంచే పని చేస్తూ. ప్రాంప్టును పనిగా మార్చడమంటే నా ఉద్దేశంలో ఇదే.

బిల్లు ఎవరు కడతారు, కూతురు ఫోన్లో కడితే యూనిట్లు చూడదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. చూడవచ్చు. చూసి తల్లికి చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. అది మరో మనిషి ఎదుర్కోవలసిన మరో సందర్భమని, దానికి ఈ కథలో జవాబు ఉండనక్కరలేదని రచయిత నిర్ణయించుకున్నాడు. నేను అతనితో ఏకీభవించాను.

ఈ కథ తరువాత మేము ప్రాంప్టులు ఇచ్చే తీరు కొంత మార్చుకున్నాము. వస్తువు పేరు చెప్పి వదిలేయకుండా, "ఈ వస్తువు దగ్గరికి పని మీద వచ్చినవారెవరు? పని ముగించుకుని వెళ్ళేలోపు వాళ్ళు తేల్చుకోవలసి వచ్చిన సంగతి ఏమిటి?" అన్న రెండు ప్రశ్నలను జతచేస్తున్నాము. అదే తాళం వేసిన ఇంటిమీద బ్యాంకు నోటీసు అంటించే ఉద్యోగి కథ వచ్చింది, నీళ్ళ క్యాన్ దించి వెళ్ళే కుర్రాడి కథ వచ్చింది, కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోయడానికి ఒప్పుకున్న ఎదురింటి అమ్మాయి కథ వచ్చింది. అన్నీ ఒక స్థాయివి కావు, కాని ఏ రెండూ ఒకే కథ కావు.

ఈ పద్ధతి అందరికీ సరిపడదన్న సంగతి కూడా నమోదు చేయాలి. నీతికథల ధోరణిలో, జానపద ధోరణిలో రాసేవారికి ఈ ప్రశ్నలు కాళ్ళకు అడ్డం పడుతున్నాయి. తాళమే మాట్లాడే కథ రాయాలనుకునే మనిషికి ఆ ఇంటి దగ్గర ఎవరికేం పని అన్న విచారణ వల్ల లాభం లేదు. అలాంటివారిని ఈ ప్రశ్నలు పక్కన పెట్టి, ఇచ్చిన మూడు మాటల్లో ఒకదాన్ని వాడకుండా కథ నడపమంటున్నాము. ఆ ప్రయోగం ఇంకా నడుస్తోంది. "తాళం" అన్న మాట లేకుండా ఒకామె రాస్తున్న కథ ప్రస్తుతం రెండో ప్రతిలో ఉంది.